రామాలో ఏడ్చిన సమూయేలు

ధ్యాన భాగము: 1 సమూయేలు 16:1-13

తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. ఈ వర్తమానం వారి కోసమే రాశాను. తల్లిదండ్రులు దయచేసి వారికి చదివి వినిపించండి. అయితే చదివేటప్పుడు మీరూ వినండి. ఇందులో మన కోసం కూడా ఒక మాట ఉంది.

2010 నవంబరు 2వ తేదీ మంగళవారం ఈ దేశంలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన ముగిసి అందరం భోజనాలకు కూర్చున్నాం. మన తమ్ముడొకడు నా పక్కన ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లవాడు. అప్పటికి 20 ఏళ్లు, కాలేజీలో చదువుతున్నాడు. మాట కలపాలని, "ఓటు వేశావా నాన్నా?" అని అడిగాను.

"లేదు అంకుల్," అన్నాడు.

"ఏం, క్లాసులున్నాయా?"

"క్లాసులు కాదు. వేసి ఏం లాభం? మీరందరూ అప్పుడే చెప్పారు కదా. మీరే గెలిచారు అంకుల్."

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేము గెలిచామా? ఏం గెలిచాం?

ఇదే పిల్లవాడు అంతకు రెండేళ్ల ముందు ఎలా ఉండేవాడో నాకు గుర్తుంది. 2008లో వాడికి 18 నిండాయి. మొదటి ఓటు. ఆ శరదృతువు అంతా శనివారాలు వలంటీరుగా ఇల్లిల్లూ తిరిగి తలుపులు తట్టాడు. నవంబరు 4న బరాక్ ఒబామా గారు గెలిచారు. ఎలక్టోరల్ ఓట్లు 365కి 173. 18 నుండి 29 ఏళ్ల లోపు ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది ఆయనకే వేశారని లెక్కలు చెప్పాయి. మరునాడు బుధవారం ప్రార్థన కూటానికి వాడు చొక్కా మీద 'నేను ఓటు వేశాను' అనే స్టిక్కర్ అలాగే ఉంచుకుని వచ్చాడు. సాక్ష్యాల సమయంలో లేచి, దేవుడు ఈ దేశానికి ఒక కొత్త ఉదయం ఇచ్చాడని స్తుతించాడు. కళ్లల్లో నీళ్లు.

మనం ఏం చేశాం? కొందరు ముఖం తిప్పుకున్నారు. గర్భస్రావం వంటి విషయాల్లో మనస్సాక్షి ఒప్పుకోక వేరే అభ్యర్థికి వేసినవారు మనలో ఉన్నారు, వారి బాధ వారిది. చాలామంది నవ్వి ఊరుకున్నారు. అలా నవ్వినవారిలో నేనూ ఒకడిని. "ఎంతమందిని చూడలేదు బాబూ, నీకూ తెలుస్తుందిలే," అన్నాను. అదేదో జ్ఞానం అనుకున్నాను.

ఆ తర్వాత వాడికి నిజంగానే తెలిసివచ్చింది. 2009లో వాళ్ల నాన్నగారి ఉద్యోగం పోయింది. ఆ అక్టోబరుకు దేశంలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. గ్వాంటానమో చెరసాలను ఏడాదిలోగా మూసివేయమని అధ్యక్షుడు 2009 జనవరి 22న ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఏడాది దాటింది, 2010 నవంబరుకు ఇంకో ఏడాది కూడా కావచ్చింది, అప్పటికీ అది తెరిచే ఉంది. వలస చట్టాలను సరిచేస్తామన్న మాట అప్పటికి ఇంకా మాటగానే ఉంది. వాడి ప్రాణ స్నేహితుడు చిన్నప్పుడే తల్లిదండ్రులతో ఇండియా నుండి వచ్చినవాడు. ఉద్యోగాల ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతానికి మించి రాదు కాబట్టి, ఆ కుటుంబం అప్పటికే ఏళ్ల తరబడి వరుసలో నిలబడి ఉంది. అతనికి 21 నిండితే తండ్రి వీసా కింద ఉండే వీలు పోయే పరిస్థితి. వీళ్లందరి కోసమే మన తమ్ముడు తలుపులు తట్టాడు. అందుకే వాడి నిరాశ అంత లోతైనది.

ప్రియులారా, ఇప్పుడు వాక్యంలోకి వెళదాం. ముందుగా ఒక మాట. నేను అప్పటి అధ్యక్షుడిని సౌలుతో పోల్చడం లేదు. ఆ తీర్పు నాది కాదు. నేను చూడమంటున్నది సౌలును కాదు, సమూయేలును.

ఇశ్రాయేలీయులు రాజు కావాలని ఎందుకు అడిగారు? 1 సమూయేలు 8వ అధ్యాయం చదవండి. సమూయేలు ముసలివాడయ్యాడు. అతని కుమారులు లంచాలు తీసుకుని న్యాయాన్ని వంచారు. పెద్దలు ఆ సంగతినే ఎత్తి చూపి, మాకు రాజును నియమించు అన్నారు. అంటే ఒక తరం ఒక నాయకుడి కోసం అంతగా ఆశపడిందంటే, దాని వెనుక ముందు తరం ఇంట్లో జరిగిన తప్పు కూడా ఉంది. పిల్లలు ఎవరో ఒక నాయకుడి వెనుక పరుగెత్తుతున్నారని విసుక్కునే ముందు, మన దగ్గర వారికి ఏమి దొరకలేదో మనం అడగాలి.

సమూయేలుకు ఆ కోరిక నచ్చలేదు. అతడు స్పష్టంగా హెచ్చరించాడు. రాజు మీ కుమారులను తన రథాలకు తీసుకుంటాడు, మీ పొలాల్లో మంచివి తీసుకుంటాడు, మీ పంటలో పదియవ వంతు తీసుకుంటాడు, అప్పుడు మీరు మొరపెడతారు అని చెప్పాడు. ప్రజలు వినలేదు. మా ముందర నడిచి మా యుద్ధాలు చేసేవాడు మాకు కావాలి అన్నారు.

కాలం గడిచింది. సౌలు తప్పిపోయాడు. సమూయేలు చెప్పిందంతా నిజమైంది. ఈ లోకంలో "నేను ముందే చెప్పాను" అనడానికి హక్కున్న మనిషి ఎవరైనా ఉన్నారా అంటే ఆ రోజున సమూయేలే. మరి అతడు ఏం చేశాడు? 15వ అధ్యాయం 11వ వచనం చూడండి. రాత్రంతా యెహోవాకు మొరపెట్టాడు. ఆ అధ్యాయం చివర, రామాలోని తన ఇంటికి వెళ్లి సౌలు కోసం దుఃఖిస్తూ ఉండిపోయాడు. తనకు ఇష్టం లేని రాజు కోసం, తాను వద్దన్న రాజు కోసం ఏడ్చాడు. ఎందుకంటే దేవుడు చెప్పిన తర్వాత ఆ తల మీద తైలం పోసింది అతని చెయ్యే, ముద్దు పెట్టుకున్నది అతనే. హెచ్చరించినవాడే ప్రేమించాడు. ప్రేమించాడు కాబట్టి ఏడ్చాడు.

నా తమ్ముడు "మీరే గెలిచారు" అన్నప్పుడు నా గుండెలో గుచ్చుకున్నది ఇదే. నేను సమూయేలులా హెచ్చరించాను. సమూయేలులా ఒక్క రాత్రి కూడా ఏడవలేదు. వాడి ఆశ కూలిపోతుంటే చూసి, లోలోపల నా మాట నిజమైందని సంతృప్తి పడ్డాను. ప్రభువు నన్ను క్షమించును గాక.

యౌవనస్థులారా, మీకు మొదటి మాట ఇది. మీరు బాధపడటం పాపం కాదు. నమ్మిన నాయకుడి వల్ల, లేదా నమ్మిన కాలం వల్ల నిరాశ కలిగినప్పుడు ప్రవక్త కూడా ఏడ్చాడు. దేవుడు 16వ అధ్యాయంలో సమూయేలును అడిగింది, ఎందుకు ఏడ్చావు అని కాదు. ఇంకా ఎంతకాలం అని. దుఃఖానికి చోటుంది. కానీ దుఃఖమే ఇల్లు కట్టుకుని ఉండిపోవడానికి చోటు లేదు. దేవుడు అతని చేతికి పని ఇచ్చాడు. కొమ్ములో తైలం నింపుకుని బేత్లెహేముకు బయలుదేరమన్నాడు.

రెండవ మాట. ఆశ తప్పు కాదు, కానీ ఒక మనిషి మోయలేని బరువును అతని మీద పెట్టడం తప్పు. ఈ దేశంలో అధ్యక్షుడు రాజు కాడు. ప్రతినిధుల సభలో 435 మంది, సెనేట్‌లో 100 మంది ఉన్నారు. సెనేట్‌లో చాలా బిల్లులకు 60 మంది కలిసి రాకపోతే చర్చ ముగించడం కూడా సాధ్యం కాదు. ఆ చెరసాల ఉత్తర్వు సంగతి కూడా అంతే. అక్కడి ఖైదీలను ఈ దేశానికి తరలించడానికి డబ్బు ఇవ్వబోమని కాంగ్రెస్ అడ్డుపడింది, అందులో అధ్యక్షుడి సొంత పార్టీవారూ ఉన్నారు. అలాగని ఏమీ జరగలేదా? 2010 మార్చి 23న ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. ఆ చట్టం మంచిదా కాదా అని మనలో వాదనలు ఉండవచ్చు. కానీ పిల్లలకు 26 ఏళ్లు వచ్చేవరకు తల్లిదండ్రుల ఇన్సూరెన్సులో ఉండే వీలు ఆ చట్టమే ఇచ్చింది. ఇది సాకు చెప్పడం కాదు. చేసిన మాట తప్పితే నిలదీయాలి. నిలదీసేవాడికి మాత్రం ఎవరు ఏం చేయగలరో తెలిసి ఉండాలి. మా యుద్ధాలన్నీ నువ్వే చెయ్యి అని ఒక మనిషిని సింహాసనం మీద కూర్చోబెట్టి మనం ఇంటికి వెళ్లిపోవడం, 8వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు చేసిన పనే.

పెద్దలారా, ఇది విని పిల్లల వైపు చూడకండి. మనమూ అదే చేశాం. 2009 సెప్టెంబరు 2 గుర్తుందా? డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు మే నెలలోనే రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. మనవాడని, యేసు నామం ఎరిగినవాడని మన ఇళ్లల్లో ఎంత సంబరం! ఆరోగ్యశ్రీ వల్ల ఊళ్లో మా వాళ్లకు గుండె ఆపరేషన్ అయిందని ఎంతమంది చెప్పుకున్నాం! ఆ రోజు ఆయన హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. నల్లమల మీద ఆచూకీ తెలియకుండా పోయింది. మనం ఆ రాత్రంతా టీవీల ముందు, ఫోన్ల దగ్గర కూర్చుని ప్రార్థించాం. తెల్లవారాక పావురాలగుట్ట వార్త వచ్చింది. అప్పుడు మనం ఏడ్చిన ఏడుపు ఏమిటి? ఒక నాయకుడి మీద పెట్టుకున్న ఆశ కాదా? మన ఏడుపు ఏడుపూ, పిల్లల ఏడుపు పిచ్చితనమూ అవుతుందా?

146వ కీర్తన ఈ సంగతే చెబుతుంది. రాజుల మీద నమ్మకం పెట్టుకోవద్దంటుంది. ఎందుకు? వారు చెడ్డవారని కాదు. వారి ఊపిరి ఆగిపోతుందని, ఆ రోజే వారి ఆలోచనలు వారితో మట్టిలో కలిసిపోతాయని. చాలామంది ఆ రెండు వచనాలు చదివి పుస్తకం మూసేస్తారు. రాజకీయాలు మనకెందుకు అంటారు. దయచేసి 7వ వచనం నుండి 9వ వచనం వరకు కూడా చదవండి. దేవుడు బాధింపబడినవారికి న్యాయం తీరుస్తాడు, ఆకలిగొన్నవారికి ఆహారం ఇస్తాడు, ఖైదీలను విడిపిస్తాడు, పరదేశులను కాపాడతాడు, తండ్రిలేనివారిని, విధవరాండ్రను ఆదరిస్తాడు అని ఉంది.

తమ్ముడా, చూశావా? నువ్వు తలుపులు తట్టింది వీటి కోసమే కదా. ఉద్యోగం పోయిన తండ్రి కోసం, చెరసాల కోసం, కాగితాల కోసం ఎదురుచూసే పరదేశి స్నేహితుడి కోసం. నువ్వు ఆశించినవి దేవుని హృదయంలో ఉన్నవే. ఆ ఆశను నీ హృదయం నుండి తీసివేయమని వాక్యం అనడం లేదు. దానికి పునాది మార్చమంటోంది. మనిషి మీద కట్టినది మనిషితో పోతుంది. దేవుని మీద కట్టినది ఎన్నికలు ఓడినా నిలుస్తుంది.

మూడవ మాట. సమూయేలు బేత్లెహేముకు భయపడుతూనే వెళ్లాడు. సౌలు వింటే చంపుతాడు అన్నాడు. దేవుడు ఆ భయాన్ని తిట్టలేదు, ఒక పెయ్యను తీసుకుని బలి అర్పించడానికి వెళ్లమని దారి చూపాడు. అక్కడ ఏలీయాబును చూడగానే సమూయేలు ఇతడే అనుకున్నాడు. ఎందుకో తెలుసా? పొడవుగా ఉన్నాడు. సౌలు కూడా పొడగరే, జనంలో నిలబడితే భుజాల పైన కనిపించేవాడు. ఒకసారి మోసపోయిన ప్రవక్త రెండోసారి కూడా అదే కొలబద్ద పట్టుకున్నాడు. ఒక నాయకుడి మీద నిరాశ పడి వెంటనే ఇంకో పార్టీలో ఇంకో పొడగరిని వెదుక్కోవడం కూడా ఇలాంటిదే. చక్కగా మాట్లాడాడనో, మన మతమనో, మన కులమనో, టీవీలో బాగున్నాడనో కాదు, హృదయం ఎలాంటిదో చూడాలి. అది తెలియాలంటే సమయం పడుతుంది, దగ్గరగా చూడాలి. యెష్షయి కుమారుల్లో ఏడుగురు ముందు నడిచారు. ఎవరూ పిలవని ఎనిమిదవవాడు పొలంలో గొర్రెలు కాస్తున్నాడు.

అందుకే చెబుతున్నాను, దగ్గరగా ఉన్న చోట మొదలుపెట్టండి. మీ స్కూల్ బోర్డు సభ్యుడు ఎవరో మీకు తెలుసా? సిటీ కౌన్సిల్ సమావేశం ఎప్పుడు జరుగుతుందో తెలుసా? అక్కడ కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. నాలుగేళ్లకొకసారి ఊపు వచ్చినప్పుడు కాదు, ఊపు లేని మంగళవారం కూడా వెళ్లి ఓటు వేసేవాడే నిజమైన పౌరుడు. మన వాళ్లలో ఎంతోమందికి ఇక్కడ ఓటు లేదు. గ్రీన్‌కార్డు వస్తేనే కాదు, పౌరసత్వం వస్తేనే ఓటు. ఉన్న నీ ఒక్క ఓటు వారి కోసం కూడా వెయ్యాలి.

నాలుగవ మాట, ఇది మనందరికీ. 12వ అధ్యాయం 23వ వచనంలో సమూయేలు, తన మాట కాదన్న అదే ప్రజలతో అంటాడు: మీ కోసం ప్రార్థన మానితే అది యెహోవాకు విరోధంగా నేను చేసిన పాపమే అవుతుంది. మనం ప్రార్థన మానడాన్ని బద్ధకం అనుకుంటాం. సమూయేలు పాపం అంటున్నాడు. పౌలు కూడా తిమోతికి రాస్తూ రాజుల కోసం, అధికారుల కోసం విజ్ఞాపన చెయ్యమన్నాడు. ఆ నాటి చక్రవర్తి విశ్వాసి కాడు. మనం గెలిపించిన వాడి కోసమే కాదు, మనకు నచ్చనివాడి కోసం కూడా పేరు పెట్టి ప్రార్థించాలి. ఆ రెండేళ్లలో మన బుధవారం కూటంలో అధ్యక్షుడి కోసం ఎన్నిసార్లు ప్రార్థించాం? లెక్క వేసుకుంటే సిగ్గు వేసింది.

చివరిగా, దావీదు కూడా మనల్ని నిరాశపరుస్తాడు. దేవుడే ఎంచిన రాజు, దేవుని హృదయానుసారుడు, ఊరియా ఇంటి సంగతిలో ఏం చేశాడో మనకు తెలుసు. సౌలు పోయి దావీదు వచ్చాడు, కథ అయిపోయింది అని లేఖనం చెప్పదు. దావీదు కుమారుడి వైపు చూడమంటుంది.

ఆయన వచ్చినప్పుడు కూడా ప్రజలు ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఎదురెళ్లారు. వారం తిరగకముందే సిలువ వేశారు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు నడుస్తున్నారు. ఇశ్రాయేలును ఈయనే విడిపిస్తాడని ఆశపడ్డామని చెప్పుకుంటూ, ముఖాలు వేలాడేసుకుని ఊరు వదిలి వెళ్తున్నారు. లూకా 24 చదవండి. యేసు ప్రభువు చేసిన మొదటి పని ఏమిటి? వారి పక్కన నడిచాడు. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. వారు చెప్పిందంతా విన్నాడు. గద్దించడం, లేఖనాలు విప్పడం ఆ తర్వాత. మనిషి మోసిన ఆశ విరిగిన చోటనే, సమాధిని గెలిచిన రాజు వారి పక్కన నడుస్తున్నాడు. ఆయన ఊపిరి ఇక ఆగదు. ఆయన ఆలోచనలు మట్టిలో కలవవు.

ఆ తర్వాత ఒక శనివారం నేను ఆ తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మగారు టీ పెట్టారు. "రెండేళ్ల క్రితం నేను నవ్వాను నాన్నా, నన్ను క్షమించు," అన్నాను. వాడు ఏమీ అనలేదు. కాసేపటికి వాడి స్నేహితుడి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. నేను మధ్యలో సలహా ఇవ్వలేదు. వచ్చేముందు ఇద్దరం ఆ స్నేహితుడి పేరు పెట్టి ప్రార్థించాం. నేను అధ్యక్షుడి కోసం, కొత్తగా గెలిచిన ప్రతినిధుల కోసం ప్రార్థించాను. ఆ చోట వాడు ఆమేన్ అనలేదు. పర్వాలేదు. సమూయేలు కూడా ఒక్క రోజులో రామా నుండి లేవలేదు.

పెద్దలారా, థ్యాంక్స్‌గివింగ్‌కు పిల్లలు ఇళ్లకు వస్తారు. భోజనాల దగ్గర రాజకీయాలు వస్తాయి. "నేను ముందే చెప్పాను" అనే మాట నోటిదాకా వస్తే మింగేయండి. "నీకు ఎక్కడ నొప్పి కలిగింది?" అని అడగండి. పిల్లలారా, మీరు కూడా మీ అమ్మానాన్నలను, వారి కాలంలో ఎవరి మీద ఆశ పెట్టుకున్నారో అడగండి. వారి దగ్గర కూడా ఒక కథ ఉంటుంది.

ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, మేము మనుషుల మీద మోయలేని బరువులు పెట్టాము, అవి పడిపోయినప్పుడు నవ్వాము. మమ్మల్ని క్షమించుము. ఈ దేశాన్ని, మా జన్మభూమిని ఏలేవారికి నీ భయమును, న్యాయమును ప్రేమించే మనసును దయచేయుము. ఉద్యోగం లేని ఇళ్లను, కాగితాల కోసం ఎదురుచూసే కుటుంబాలను జ్ఞాపకం చేసుకొనుము. నిరాశతో కూర్చున్న మా పిల్లల కొమ్ములను మరల తైలముతో నింపుము. వారి పక్కన నడిచే ఓపిక మాకు ఇమ్ము. మరణమును జయించిన మా రాజైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.